రెండోసారి తొడిగిన ఉంగరం

కిందటివారం అద్దాలమ్మాయిని నగల దుకాణం మెట్ల మీద, ఒక కాలు పైనా ఒక కాలు కిందా పెట్టించి వదిలేశాం. పాపం, వారమంతా అలాగే నిలబడి ఉంది. ఇంకాసేపు నిలబెడితే మన మొహం మీదే తలుపేసి వెళ్ళిపోగల మనిషి. కాబట్టి తొందరగా లోపలికి పంపేద్దాం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. అద్దాలమ్మాయి అంటే కళ్ళు పరీక్షించి కళ్ళజోళ్ళు ఇచ్చే అమ్మాయి. ఆ ఊళ్ళో సగం ముక్కుల మీద ఆమె పెట్టిన జోళ్ళే ఉంటాయి. ఆమె చేసుకోబోయేవాడు నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చుంటాడు. కుళాయి రావట్లేదని వచ్చినా, వచ్చింది ఆగట్లేదని వచ్చినా "సరేనండీ, చూస్తాం" అని అనీ అనీ ఆ మాట అతని నోటికి అతుక్కుపోయింది. ఇంట్లోనూ సరే, వీధిలోనూ సరే. అందుకే అతను అందరికీ సరేబాబు అయ్యాడు.

ఇక అతని అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచి, వాడి కోసం తన పెళ్ళి మాటే ఎత్తనివ్వని మనిషి. డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. నేర్పే బండిలో బ్రేకులు రెండుంటాయి కదా, ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, ఇంకొకటి పక్కన కూర్చున్నవాళ్ళ కాలి కింద. బండి దిగాక కూడా ఆవిడ కాలు ఆ రెండో బ్రేకు మీదే ఉంటుందని ఊళ్ళో అనుకుంటారు. తమ్ముడు ఏ చొక్కా తొడుక్కోవాలో, జుట్టు ఎప్పుడు కత్తిరించుకోవాలో, జలుబు చేస్తే ఏ మందు మింగాలో అన్నీ ఆవిడే చెబుతుంది. వాడు సరే అంటాడు. బండి సాఫీగా సాగిపోతుంది.

ఉంగరాలు మాత్రం మేమిద్దరమే చూసుకుంటాం వదినా అని అద్దాలమ్మాయి తెగేసి చెప్పింది. ఆవిడ "అలాగే అమ్మాయ్" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది. తీరా వీళ్ళు దుకాణం దగ్గరికి వచ్చేసరికి, నెత్తిన ఎర్రబోర్డు పెట్టుకున్న డ్రైవింగ్ స్కూలు బండి వీళ్ళకంటే ముందే వచ్చి ఆగి ఉంది. మనం ఆపింది అక్కడే.

బండిలో స్టీరింగు చక్రం పట్టుకుని బేకరీ ఆయన కూర్చుని ఉన్నాడు. ఏడాది పైగా నేర్చుకుంటూ, లైసెన్సు పరీక్షకి మాత్రం పొమ్మంటే పోని విద్యార్థి. పిండి పిసికీ పిసికీ చేతులు ఇంతింత లావున ఉంటాయి. వీళ్ళని చూసి, తప్పు చేసి దొరికినవాడిలా తల దించుకున్నాడు.

"పాఠం మధ్యలో ఇటొచ్చి ఉంటుంది అక్క" అన్నాడు సరేబాబు.

"పాఠం మధ్యలో కాదు, మన మధ్యలోకి వచ్చింది" అంది అద్దాలమ్మాయి. పైమెట్టు మీది కాలు కూడా కిందికి దించేసి అతనికి ఎదురుగా తిరిగింది. "ఇటు చూడు. నాకు నచ్చేలా చెప్పక్కర్లేదు, మీ అక్కయ్యకి నచ్చేలా చెప్పక్కర్లేదు. ఇవాళ నీకేది ఇష్టమో నీ నోటితో చెప్పాలి. ఒక్క ఉంగరం గురించి. అది కూడా చెప్పలేకపోతే ఈ మెట్లు దిగేటప్పుడు నేనొక్కదాన్నే దిగుతాను. పెళ్ళి మాట అక్కడితో సరి."

"సరే" అన్నాడతను. అని నాలిక కరుచుకున్నాడు.

ఉంగరం కోసం పెళ్ళి మానుకుంటుందా, మరీ చోద్యం కాకపోతే అని మీరు అనుకోవచ్చు. ఆమె వాళ్ళ నాన్న సంగతి తెలిస్తే అనుకోరు. ఆమె చదువు పూర్తిచేసి కళ్ళ పరీక్ష గది తెరిచిన కొత్తల్లో ఆ కుర్చీలో మొట్టమొదట కూర్చున్నది నాన్నే. కూతురు అద్దాలు మారుస్తూ "ఇదా నాన్నా, ఇదా?" అని అడుగుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. ఏది పెట్టినా "బ్రహ్మాండంగా ఉందమ్మా" అన్నాడు. ఆ జోడే పెట్టుకుని తిరిగాడు. ఎవరడిగినా మా అమ్మాయి ఇచ్చిందని తీసి మరీ చూపించాడు. ఒకరోజు పొద్దున్నే మేడ దిగుతూ, మెట్లు అయిపోయాయనుకుని, ఇంకొకటి ఉందని తెలియక పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి మంచం మీద ఆయన అన్న మాట ఆమె చెవుల్లో ఇప్పటికీ ఉంది. "నువ్వంత ముచ్చటగా అడుగుతుంటే, కనబడట్లేదని ఎలా చెప్పనమ్మా?"

ఆయన ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తాడు. ఆమెకి మాత్రం ఆ రోజు నుంచి, తనని సంతోషపెట్టడానికి చెప్పే మాటంటే ఒళ్ళు మంట. అలాంటివాళ్ళని పట్టుకోవడానికి ఒక చిట్కా కూడా నేర్చుకుంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఒకే అద్దాన్ని రెండుసార్లు చూపిస్తుంది. మధ్యలో టక్కుమని చప్పుడు చేసి మార్చినట్టు నటిస్తుంది. "ఇందాకటిదా, ఇదా?" అంటుంది. "రెండూ ఒకటేగా" అన్నవాళ్ళు నమ్మదగినవాళ్ళు. "ఇదే, ఇదే చాలా బాగుంది" అన్నవాళ్ళు మొహమాటస్తులు. వాళ్ళకి పరీక్ష మళ్ళీ మొదటినుంచి పెడుతుంది. పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకి కూడా ఇదే పాఠం చెబుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఉన్నచోటే ఉంచాలి, లేకపోతే ఏ మార్పుకి ఏ జవాబొచ్చిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు అంటుంది. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

లోపల దుకాణం ఇరుకే గానీ శుభ్రంగా ఉంది. అద్దం బల్ల, దాని మీద నల్ల మఖమలు గుడ్డ, ఒక పక్క వేలికొలతలు తీసే రింగుల గుత్తి. బల్ల వెనక ఉంగరాల తాతగారు కళ్ళజోడు మీదే ఒక కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. బల్లకి ఇవతల ఎత్తు స్టూలు మీద అక్కయ్య. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. కుడికాలు నేలకి అదిమిపెట్టి ఉంది, అక్కడ బ్రేకేదీ లేకపోయినా.

"వచ్చారా. కూర్చోండి" అంది, అది తన ఇల్లయినట్టు.

"మేమే చూసుకుంటామన్నాం కదా వదినా."

"నేను కాదన్నానా? చూసుకోండి. ఇవి మాత్రం మీకోసం నేను ఎంచి ఉంచాను. ఒకసారి చూడండి, తప్పేముంది?" అంటూ మఖమలు గుడ్డ మీద ఉన్న నీలం డబ్బా మూత తెరిచింది.

లోపల రెండు ఉంగరాలు. వెడల్పాటివి. మధ్యలో చుట్టూతా తెగి తెగి సాగే సన్నటి గీత, రోడ్డు నడిమధ్యన తెల్లరంగు పూసినట్టు. రెండంచులూ జడ అల్లినట్టు మెలితిరిగి ఉన్నాయి. పనితనానికి వంక పెట్టడానికి లేదు. కానీ ఆ గీత చూడగానే అద్దాలమ్మాయికి నవ్వాగలేదు. పెళ్ళి ఉంగరం మీద కూడా డ్రైవింగ్ స్కూలేనా అనుకుంది.

"ఒరేయ్, చూడరా" అంది అక్కయ్య తమ్ముడితో. "ఎలా ఉన్నాయి? బాగున్నాయా?"

తాతగారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, కొలతల మాట కూడా ఓసారి..."

"కొలతల సంగతి తర్వాత చూద్దాం తాతగారూ. ముందు వాణ్ణి చెప్పనివ్వండి." ఆవిడ వేళ్ళు చేతిసంచీ పట్టీని మెలిపెడుతున్నాయి. "చెప్పరా. నువ్వు సరే అంటే చాలు."

సరేబాబు పెదాలు ఆ మాటకి సిద్ధమైపోయాయి. ఇంకాస్త ఉంటే జారిపోయేదే.

"ఆగు" అంది అద్దాలమ్మాయి. "వదినా, అవి అలాగే ఉండనివ్వండి. ముందు మేము మిగతావి కూడా చూస్తాం. తాతగారూ, ఉన్నవన్నీ తీయండి. అన్నట్టు, మీ కళ్ళజోడు పాతబడిపోయింది, కన్ను చికిలించి చూస్తున్నారు. తీరిక చూసుకుని మా గదికి రండి."

"ఈ జోడుతోనే నేను సగం ఊరికి పెళ్ళిళ్ళు చేశానమ్మా" అని గొణుక్కుంటూ ఆయన అరలు లాగాడు.

సన్నవి, లావువి, నున్నవి, చెక్కినవి, రాళ్ళు పొదిగినవి. అద్దాలమ్మాయి ఒక్కొక్కటే తీసి చూపించింది.

"ఇది?"

"బాగుంది."

"ఇదో?"

"ఇదీ బాగుంది."

ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. అర అడుగున ఎవరూ కొనక మిగిలిపోయిన ఉంగరం ఒకటి కనబడింది. చేప ఆకారం, కళ్ళకి రెండు ఎర్రరాళ్ళు, తోక పైకి లేచి ఉంది. అది తొడుక్కుంటే జేబులో చెయ్యి పెట్టడం ఇక ఈ జన్మకి కుదరదు. దాన్ని తీసి అతని ముక్కు ముందు ఆడించింది.

"మరి ఇది?"

సరేబాబు చేపని చూశాడు. చేప సరేబాబుని చూసింది. "బాగానే ఉంది" అన్నాడు.

అక్కయ్య పక్కకి తిరిగి నవ్వు దాచుకుంది. తాతగారు దాచుకోలేదు. అద్దాలమ్మాయి మాత్రం నవ్వలేదు. ఈ మనిషంటే ఆమెకి ప్రాణం. వర్షంలో తడుస్తూ వచ్చి ఆమె గది కప్పు కారుతుందేమోనని గిన్నెలు పెట్టి వెళ్ళినవాడు, నాన్న కర్రకి కింద జారకుండా రబ్బరు తొడుగు వేసి తెచ్చినవాడు. కానీ రేపు పదేళ్ళ తర్వాత ఇతనికి ఒంట్లో బాగాలేకపోతే బాగానే ఉందంటాడు. తనతో ఉండటం కష్టమనిపిస్తే బాగానే ఉందంటాడు. ఇతను ఏ మెట్టు మీంచి పడిపోతున్నాడో తనకి తెలిసే సరికి పడిపోయి ఉంటాడు.

ఆమె చేప ఉంగరాన్ని అరలో పడేసి, ఒక నిర్ణయానికి వచ్చింది.

"కళ్ళు మూసుకో" అంది.

"ఎందుకు?"

"మూసుకో చెప్తాను. చూపుతో నీకేమీ తేలట్లేదు. వేలికి ఏమనిపిస్తుందో చెప్పు. రెండు ఉంగరాలు తొడుగుతాం, ఏది బాగుందో చెబితే చాలు."

అతను బుద్ధిగా కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. ఆమె అరలోంచి మామూలు ఉంగరం ఒకటి తీసింది. నగిషీలు లేవు, రాయి లేదు, చక్కటి గుండ్రన. తాతగారి చేతిలో పెట్టి సైగ చేసింది. ఆయన రోజుకి ఎన్ని వేళ్ళు చూస్తాడో, కాలర్ బొత్తాం పెట్టినంత సులువుగా తొడిగాడు, తీసేశాడు. ఆమె బల్ల మీద ఇంకేదో ఉంగరాన్ని కావాలని చప్పుడయ్యేలా పెట్టింది. తాతగారు మళ్ళీ తొడగబోతే ఆయన నెమ్మది చూసి ఆగలేక "ఇలా ఇవ్వండి" అని లాక్కుని, అదే ఉంగరాన్ని తనే తొడిగింది. వేలి కణుపు దగ్గర కాస్త పట్టేస్తే అటూ ఇటూ తిప్పి మెల్లిగా లోపలికి నెట్టింది.

"చెప్పు. మొదటిదా, రెండోదా?"

ఆమె అతని పెదాల వైపే చూస్తోంది. ఒకటే అను, రెండూ ఒకటే అని చెప్పు అని మనసులో వేడుకుంటోంది.

"రెండోది" అన్నాడు సరేబాబు.

అంతే. మొహమాటస్తుడు. కుర్చీలో కూర్చున్న నాన్న మొహం కళ్ళముందు కదిలింది.

అక్కయ్య ఇక ఊరుకోలేకపోయింది. "ఒరేయ్ వెర్రినాగన్నా, రెండూ ఒకటేరా. ఒకే ఉంగరం రెండుసార్లు తొడిగింది. చూశావా అమ్మాయ్, వీడికి తెలియదు. ఇందుకే అన్నీ నేను చూసుకోవాల్సి వస్తోంది. నువ్వు కొత్తగా వచ్చి వీణ్ణి మార్చేద్దామంటే ఎలా?"

"ఒకటేనని నాకు తెలుసక్కా" అన్నాడతను. కళ్ళు ఇంకా తెరవలేదు.

బొటనవేలితో ఉంగరాన్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"లోపల ఒకచోట పిసరంత గరుకు తగిలింది. రెండుసార్లూ అదే తగిలింది."

"గరుకా? నా పనిలోనా?" తాతగారు ఉలిక్కిపడి భూతద్దం బిగించుకున్నాడు.

"తెలిస్తే మరి రెండూ ఒకటేనని చెప్పొచ్చుగా" అంది అద్దాలమ్మాయి.

"ఒకటేనా కాదా అని నువ్వు అడగలేదు. ఏది బాగుందని అడిగావు." అతను కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. "మొదటిసారి తాతగారు తొడిగారు. రెండోసారి నువ్వు తొడిగావు. కణుపు దగ్గర నొప్పెడుతుందేమోనని తిప్పి తిప్పి పెట్టావు. రెండోసారే బాగుంది. ఇందులో అబద్ధమేముంది?"

ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావి కదపకూడదు అని పదిమందికి పాఠం చెప్పే మనిషి, ఉంగరం మార్చకుండా చెయ్యి మార్చేసింది. ఆ రెండో చెయ్యి తనదేనన్న సంగతే లెక్కలోకి తీసుకోలేదు. ఇంత పెద్ద పరీక్షకురాలూ పప్పులో కాలేసింది. వేసి, ఆనందంతో అక్కడే నిలబడిపోయింది.

"మరి ఆ చేప?" అంది చివరికి.

"చేప దరిద్రంగా ఉంది" అన్నాడతను. "కానీ నువ్వు చూపించి 'ఇది?' అన్నావు. అందరూ అంతే అడుగుతారు. బాగుందా అంటారు, బాగుందంటే వెళ్ళిపోతారు. ఆఫీసులో కూడా అంతే, సరే అంటే వెళ్ళిపోతారు. ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు. నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. నాకు ఇదే కావాలి. నగిషీ వద్దు. నీది కూడా ఇలాంటిదే చూద్దాం, అంచు గుండ్రంగా ఉన్నది. పదునుంటే నువ్వు తుడిచేటప్పుడు అద్దాల మీద గీతలు పడతాయి. మధ్యాహ్నం నుంచీ అదే ఆలోచిస్తున్నాను."

ఇన్ని మాటలు అతను ఒకేసారి మాట్లాడటం అక్కడెవరూ అంతకుముందు వినలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. మెట్లు ఇక ఒంటరిగా దిగక్కర్లేదు. ఆ సంతోషంలో ఆమె ఇంకొక్క పని చేసింది, అది చేయకపోయినా బాగుండేది. నీలం డబ్బాని అతని ముందుకి జరిపింది.

"మరి వీటి సంగతి మీ అక్కయ్యకి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

సరేబాబు డబ్బాలోకి చూశాడు.

"వద్దక్కా" అన్నాడు. "ఇది నాకు నప్పదు. చూడగానే నాది కాదనిపించింది. వద్దు."

పుట్టి బుద్ధెరిగాక అక్కతో అతను అన్న మొదటి వద్దు అదే. ఆవిడ ఒంటికాలి మీద లేస్తుందనుకుని అద్దాలమ్మాయి నడుం బిగించి నిలబడింది. నాలుగు మాటలు అననీ, తను ఎనిమిది అనడానికి సిద్ధంగా ఉంది.

ఆవిడ లేవలేదు. డబ్బా వైపే కాసేపు చూసింది. చూపుడువేలితో ఒక ఉంగరం అంచుని, ఆ జడ అల్లికని నెమ్మదిగా తడిమింది. తర్వాత మూత మూసింది.

"సరే" అంది.

ఆ ఇంట్లో ఆ మాట ఇన్నేళ్ళూ ఒక్కడి నోట్లోనే ఉండేది. ఇప్పుడు ఆవిడ నోట వింటే అదో రకంగా ఉంది.

"తాతగారూ, వీటిని కరిగించేయండి. నాకు పాఠానికి టైమవుతోంది." చేతిసంచీ భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. నేలకి అదిమిపెట్టిన ఆ కాలు నడుస్తుంటే తడబడింది.

"కోపమొచ్చినట్టుంది" అన్నాడు సరేబాబు.

"కోపమైతే అరిచేది" అంది అద్దాలమ్మాయి. గెలిచిన సంతోషం ఎక్కడో పంటికింద రాయిలా తగిలింది. "తాతగారూ, కరిగించేస్తారా నిజంగా?"

"చేతులెలా వస్తాయమ్మా? ఎన్నాళ్ళు కూర్చుని చేశానో. ఆ అంచు అల్లిక కోసం నాలుగుసార్లు వెనక్కి పంపింది. కొలతలు కూడా సరిగ్గా సరిపోయేలా..." అని ఆయన చటుక్కున ఆగి, భూతద్దం తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"కొలతలా?" ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. "మా వేలి కొలతలు మీరింతవరకూ తీసుకోలేదుగా."

తాతగారు భూతద్దాన్ని ఇంకా గట్టిగా తుడిచాడు.

ఆమె డబ్బా తెరిచి పెద్ద ఉంగరం తీసి సరేబాబు వేలికి తొడిగింది. అది గాజులా ఊగింది. బొటనవేలికి పెట్టింది, అక్కడా వదులే. చిన్నది తీసి తను పెట్టుకుంది. కణుపు దగ్గరే ఆగిపోయి రానని మొండికేసింది. ఆమె లావాటి వేళ్ళ గురించి నాన్న ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు. ఇది సన్నటి వేలికి చేసిన ఉంగరం. చేతిసంచీ పట్టీని మెలిపెట్టిన వేళ్ళంత సన్నటి వేళ్ళకి.

"తాతగారూ, ఇవి ఎవరివి?"

"ఎవరికీ చెప్పనని మాటిచ్చానమ్మా" అన్నాడాయన దీనంగా. అని, ఆ మాట తప్పకుండానే, గాజు తలుపు అవతలికి చూశాడు.

అద్దాలమ్మాయి కూడా చూసింది. ఎదురుగా ఎర్రబోర్డు బండి. చక్రం మీద ఇంతింత లావు చేతులు. ఏడాది పైగా నేర్చుకుంటూ, పరీక్షకి మాత్రం పోని మనిషి. పోతే పాఠాలు ఆగిపోతాయి కాబట్టి పోని మనిషి. ఆమె తన చేతిలోని ఉంగరం వైపు మళ్ళీ చూసింది. మధ్యలో గీత రోడ్డుదే. అంచున ఉన్నది జడ కాదు, ఆయన బేకరీ అద్దాల వెనక రోజూ పేర్చి ఉండే అల్లిక రొట్టె.

ఎప్పుడూ చెప్పడమే గానీ అడగడం తెలియని మనిషి, ఇవాళ తమ్ముణ్ణి బాగున్నాయా అని అడిగింది. సిగ్గుపడి, భయపడి, మీకోసమని ఒక చిన్న అబద్ధం అడ్డం పెట్టుకుని మరీ అడిగింది. నువ్వు సరే అంటే చాలంది. ఎంతమందికో చూపు సరిచేసిన తను ఎంత పిచ్చిగా, ఎదురుగా ఉన్నది చూడలేకపోయిందోనని అద్దాలమ్మాయికి తన మీద తనకే కోపమొచ్చింది.

సరేబాబుకి కూడా అర్థమైంది. "అక్క నన్ను అడిగింది" అన్నాడు. "జన్మలో మొదటిసారి నన్నొకటి అడిగింది. నేను వద్దన్నాను."

"నీచేత అనిపించింది నేను" అందామె. ఏడుస్తూ కూర్చునే రకం కాదు కదా, అప్పటికే డబ్బా గుప్పిట్లో పట్టుకుంది. "తప్పు అద్దాలు ఇస్తే జోడు వెనక్కి తీసుకుని మార్చి ఇస్తాం. పద."

వాళ్ళు మెట్లు దిగేసరికి బండి కదిలింది. అద్దాలమ్మాయి ఆలోచించలేదు. నాలుగంగల్లో రోడ్డు మీదికి వెళ్ళి, బండికి ఎదురుగా, నీలం డబ్బా చేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడింది. బండి కీచుమని ఆమె మోకాళ్ళకి జానెడు దూరంలో ఆగింది.

ఆ బండిలో బ్రేకులు రెండని ముందే చెప్పాను. ఈసారి నొక్కింది అక్కయ్య కాదు. ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి. ఏడాదిలో ఒక్కసారీ సరిగ్గా బ్రేకు వేయలేదని ఆవిడ చేత తిట్లు తిన్న మనిషి, తనంతట తనే వేశాడు.

తలుపు తీసుకుని దిగాడు. పిండి మరకల చొక్కా, ఆజానుబాహువు. అద్దాలమ్మాయి చేతిలోని డబ్బా చూశాడు, ఆమె వెనక రొప్పుతూ వచ్చి నిలబడ్డ సరేబాబుని చూశాడు.

"లోపలేం జరిగిందో మీ అక్క చెప్పట్లేదు" అన్నాడు మెల్లగా. "తనని పంపకుండా నేనే వచ్చి అడగాల్సింది, భయపడి బండిలో కూర్చున్నాను. నాదే తప్పు. ఇప్పుడడుగుతున్నాను బాబూ. మీ అక్కని నేను పెళ్ళి చేసుకుంటాను. నీకు ఇష్టమేనా?"

బండి లోపల అక్కయ్య మొహం మీంచి చేతులు తీసింది. అద్దాలమ్మాయి సరేబాబు వైపు తిరిగింది. ఒక్క మాట. రోజుకి వందసార్లు అనే మాట. అది అనేస్తే ఇక్కడ అందరూ బతికిపోతారు. అనమని చెప్పడానికి ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసేసుకుంది. ఎవరికీ నచ్చేలా చెప్పొద్దు, నీ మనసులో ఉన్నది చెప్పు అని ఆ మెట్ల మీద నిలబెట్టి అడిగింది తనే.

అతను బేకరీ ఆయన్ని తలనుంచి కాళ్ళ దాకా చూశాడు. ఆ పెద్ద చేతుల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత, తనని పెంచిన మనిషి కూర్చున్న బండి వైపు చూశాడు.

సరేబాబు వెంటనే సరే అనలేదు.